కేకు ఉప్పు

"చక్కెర లేని కేకూ, టికెట్ లేని ప్రయాణమూ నా దగ్గర చెల్లవు!"

వంటింటి గుమ్మంలో నిలబడి కండక్టర్‌గారు అరిచిన అరుపుకి అరల్లో గిన్నెలు గణగణమన్నాయి. కేకు ఇంకా మొదలవలేదు, కేకలు మాత్రం మొదలయ్యాయి. బస్సు వెనక తలుపు దగ్గర నుంచి ముందున్న డ్రైవరుకు వినబడేలా ముప్పై ఏళ్ళు అరిచిన గొంతు అది. మనిషి రిటైరైనా గొంతు రిటైరవలేదు.

ఆయన భార్య తలెత్తలేదు. నానబెట్టిన ఖర్జూరాలూ ఉడికించిన బీట్రూట్ ముక్కలూ మిక్సీ పట్టేసి, ఓట్స్ పిండీ కోకో పొడీ కలిపి జల్లిస్తోంది.

"ఓట్స్ వేసినంత మాత్రాన నా ఓటు పడదు. బీట్రూట్ వేస్తే అది కేకవదు, కూరవుతుంది. నా శనివారం చాక్లెట్ పేస్ట్రీ నాకు కావాలి. అంతే!"

"డాక్టరేమన్నాడో గుర్తుందా?"

"మధుమేహం అన్నాడు. నాది మధుర మోహం. పాపం, ఆయనకి తేడా తెలీలేదు."

"మీతో పాటు నేనూ మానెయ్యలేదూ? చక్కెర ముట్టి మూడు నెలలైంది. చేదు కాఫీ తాగి నవ్వుతూ తిరగడం లేదూ?"

ఆ నవ్వే ఆయన ఒంటికి కారం రాస్తోంది. వంటింట్లో ఓ మూల నిలబడి ఆ చేదు కాఫీ తాగేసి, మూతి తుడుచుకుంటూ, మొహం వెలిగిపోతూ బయటికొచ్చే మనిషితో వాదించి గెలవడం ఎవరి తరం?

"సరే, పందెం," అంది ఆవిడ. "నాలుగింటికి మీ చెల్లెలొస్తోంది. కేకు తిని పదికి ఐదు దాటి మార్కులేసిందా, పేస్ట్రీ మాట ఈ ఇంట్లో మళ్ళీ ఎత్తకూడదు. వెయ్యలేదా, శనివారం శనివారం నేనే తెచ్చిపెడతా."

"రైట్ రైట్!" అన్నారు కండక్టర్‌గారు. చెల్లెలు లెక్కల టీచరు. వదిన వంటకి ఇన్నేళ్ళలో నాలుగు దాటి మార్కు వేసిన పాపాన పోలేదు.

అయినా ముందే సీటు ఖాయం చేసుకోవడం మంచిదనిపించింది. పక్కింటావిడ పిలిస్తే భార్య అలా బయటికి వెళ్ళగానే, ఇలా వంటింట్లో దూరారు. పిండి గిన్నె బల్ల మీద ఉంది. నాలుగు గుప్పిళ్ళ ఉప్పు పడితే పందెం ఆయనదే. కానీ ఉప్పేదీ? ఆయన బీపీ పుణ్యమా అని ఆవిడ కూరలో చిటికెలు లెక్కపెట్టి వేసి, ఉప్పు ప్యాకెట్ తన హ్యాండ్‌బ్యాగులో వేసుకు తిరుగుతోంది. ఒకప్పుడు ఆయన భుజాన టికెట్ల సంచి ఎలా వేలాడేదో, ఇప్పుడు ఆవిడ భుజాన ఉప్పు అలా వేలాడుతోంది.

అప్పుడు పై అర గుర్తొచ్చింది. ఓవెన్ కొనకముందు ఈ ఇంట్లో కేకు కుక్కర్లోనే అయ్యేది. అడుగున ఉప్పు పరిచి, అది కాగాక దాని మీద కేకు గిన్నె పెట్టేది ఆవిడ. కాగి కాగి ఉన్న ఆ ఉప్పు కూరలకి పనికిరాదు. అందుకే విడిగా డబ్బాలో పోసి, "కేకు ఉప్పు. ముట్టుకోవద్దు" అని రాసి పెట్టింది. ఓవెన్ రాగానే ఆ ఉప్పు కూడా ఆయనలాగే రిటైరై, ఎవరికీ అక్కర్లేకుండా పై అరలో కూర్చుంది.

ఫుట్‌బోర్డు ఎక్కినంత ఒడుపుగా స్టూలెక్కి, ఎవరికీ ఉప్పందకుండా ఉప్పందుకున్నారు. కళ్ళజోడు హాల్లో ఉండిపోయింది. డబ్బా మీద అంతంత లావు అక్షరాలుంటే ఇక కళ్ళజోడెందుకు? ఒక గుప్పెడు వేశారు. పౌరుషం పొంగింది. రెండు, మూడు, నాలుగు. డబ్బా ఖాళీ. గరిటె తిప్పి, డబ్బా ఎక్కడిదక్కడ పెట్టి, హాల్లోకొచ్చి పేపరు తలకిందులుగా పట్టుకుని చదవసాగారు.

నాలుగున్నరకి చెల్లెలు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కండక్టర్‌గారు జాలిపడి మంచినీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపారు.

"వదినా," అంది చెల్లెలు కళ్ళు తెరిచి. "ఇంకో ముక్క."

ఆ గ్లాసుడు నీళ్ళూ ఆయనే తాగేశారు.

"నిజంగా ఉత్త ఖర్జూరాలేనా? పదికి తొమ్మిదిన్నర. ఆ అర కొయ్యకపోతే నాకు రాత్రి నిద్ర పట్టదు, ఏమనుకోకు."

భార్య మొహం ఓవెన్‌లో కేకులా పొంగింది. "విన్నారుగా? పేస్ట్రీ స్టాపు ఎత్తేశారు. దిగండి బస్సు!"

"దిగను!" కండక్టర్‌గారు కుర్చీ వెనక్కి తోసి లేచారు. "మీరిద్దరూ కుమ్మక్కయ్యారు! ఈ కేకు బావుండే ప్రసక్తే లేదు!"

"ఎందుకుండదూ అన్నయ్యా?"

"అందులో ఉప్పు పోసింది నేనే కాబట్టి! ఒకటి కాదు, నాలుగు గుప్పిళ్ళు! అవును, పోశాను! ఏం చేసుకుంటారో చేసుకోండి!"

చెల్లెలు అనుమానంగా పెదవులు చప్పరించింది. తీపే.

"ఉప్పు నా బ్యాగులో ఉంది," అంది భార్య మెల్లిగా. "మీకెక్కడిది?"

"పై అరలో లేదూ, నీ కేకు ఉప్పు!"

మూడు నెలలుగా వెలుగుతున్న నవ్వు ఆవిడ మొహంలో టప్పున ఆరిపోయింది. వంటింట్లోకి పరిగెత్తింది. స్టూలు కిర్రుమంది. మూత టంగుమంది. ఖాళీ డబ్బా చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, కండక్టర్‌గారి గొంతుని తలదన్నే కేక ఒకటి పెట్టింది:

"ఉన్నదంతా ఊడ్చి పోసేశారు కదండీ, రేపు పొద్దున్న నా కాఫీలో ఏం వేసుకోను?"