ఒకటి చిరుత, రెండు రేచుకుక్కలు

"దీన్ని చంపిందేదో చెప్పండి పెద్దాయనా. తప్పు చెబితే మాత్రం రేపట్నుంచి ఇంటిపట్టునే ఉండాలి," అంది కొత్తగా వచ్చిన అటవీ అధికారిణి.

ఎదురుగా పొదల పక్కన సగం తిన్న దుప్పి పడి ఉంది. పెద్దాయన ముప్పై ఏళ్లుగా ఈ అడవిలో జంతువుల జాడలు తీస్తున్న మనిషి. ఆయనకు చూపు ఆనడం లేదని ఎవరో అధికారిణి చెవిన వేశారు. వేసినవాళ్ల నోట్లో దుమ్ము పడ అని, స్టీలు డబ్బా పట్టుకుని వెనక నిలబడ్డ ఆయన భార్య మనసులోనే తిట్టుకుంది.

చూపు ఆనని మాట నిజమే. రెండేళ్లుగా ఆయన కళ్లు ముసలావిడే. భోజనం తెచ్చే వంకతో వెంట వస్తుంది, తను చూస్తుంది, డబ్బా మీద మూతతో కొడుతుంది. ఒకటి కొడితే చిరుత, రెండు రేచుకుక్కలు, మూడు దుమ్ములగొండి. అడవి మాన్పించి ఇంట్లో కూర్చోబెడితే ఈ మనిషి ఆరు నెలలు కూడా బతకడని ఆవిడ భయం.

దుప్పి తొడ ఎముకలు పిండిపిండిగా నమిలేసి ఉన్నాయి. చిరుతకు అంత దవడ ఎక్కడిది? ఆవిడ మూడుసార్లు మోగించింది.

పెద్దాయన ఇంకా మోకాళ్ల మీద కూర్చుని దుప్పి మెడ తడుముతున్నాడు. వినపడలేదేమోనని ఆవిడ మళ్లీ మూత ఎత్తేలోగా అధికారిణి దగ్గరికి వచ్చింది. ఎంతసేపని మోస్తారు, ఇలా ఇవ్వండి పెద్దమ్మా అంటూ డబ్బా అందుకుంది. ముసలావిడకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"చంపింది చిరుత," అన్నాడు పెద్దాయన.

మొండిఘటం, నా మాట ఏనాడు విన్నాడు గనక అనుకుందావిడ. ఉద్యోగం పోయినట్టే.

"గొంతు మీద నాలుగు గాట్లున్నాయి. వాటి చుట్టూ చర్మం కింద నెత్తురు గడ్డకట్టి ఉబ్బింది. అంటే ప్రాణం ఉండగా పడ్డ గాట్లు. తొడ దగ్గర ఆ ఉబ్బు లేదు, అక్కడ కొరికింది చచ్చాక. చిరుత చంపి కడుపు నింపుకుని పోయింది. ఎముకలు నమిలిన దుమ్ములగొండి తర్వాత వచ్చింది."

అధికారిణి వంగి చూసి తలూపింది. తన కళ్లకు అందనిది ఆయన వేళ్లకు అందినందుకు ముసలావిడకు కాస్త సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ ముద్దొచ్చింది.

"మరి ఆ చిరుత ఎటు పోయింది?"

నేల మీది జాడ తడిమితే తెలిసేది కాదు. పెద్దాయన అటూ ఇటూ తల తిప్పాడు. ముసలావిడ ఇక ఆగలేకపోయింది.

"వాగు వైపు. బురదలో పంజా గుర్తులు అంత బాగా కనిపిస్తుంటేనూ," అనేసి నాలుక కరుచుకుంది.

ఆవిడ వెళ్లి మొగుడి పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది. ఏం పడ్డా ఇద్దరం కలిసే పడదాం అనుకుంది. అధికారిణి జీపు బానెట్ మీద కాగితం పెట్టి ఏదో రాసి, సంతకం చేసి, ఆవిడకే ఇచ్చింది. ఆవిడ చదివి, తప్పు చదివానేమోనని మళ్లీ చదివింది.

"ఇందులో ఇద్దరికి ఉద్యోగం రాశారేంటమ్మా?"

"ఆయన వేళ్లకొకటి, మీ కళ్లకొకటి," అంటూ అధికారిణి డబ్బా తిరిగి ఆవిడ చేతికిచ్చింది. "రేపట్నుంచి ఇందులో కాస్త అన్నం కూడా పెట్టుకురండి పెద్దమ్మా. ఉత్త డబ్బా అయితే తప్ప అంత గట్టిగా మోగదు."