మూతి మీద ఈక్వల్ గుర్తు

ఆటో డ్రైవరు మార్కు మూతికి మీసాలు అడ్డొచ్చి ప్లాస్టరు అంటుకోవడం లేదు. లక్ష్మయ్య బొటనవేలితో గట్టిగా అదిమాడు. ఊడింది. మళ్ళీ అదిమాడు.

"మీసం తీయించుకు రారా!"

"మీసం తీస్తే మా ఆవిడ గుమ్మం ఎక్కనివ్వదు మావయ్యా. నోరు మూస్తే మాత్రం పండగ చేసుకుంటుంది."

చుట్టూ ఉన్న ఆటోవాళ్ళందరూ గొల్లుమన్నారు. లక్ష్మయ్యకి ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే. గుడివాడ బస్టాండు బయట ఉన్న ఆటో యూనియన్‌కి అతను అధ్యక్షుడు. గుడ్లవల్లేరు వెళ్ళే ఆటోలు వచ్చిన వరసలోనే నిండాలి, ముందు బండి కదిలాకే వెనక బండి. జనం వింటేనా! ముందున్న బండ్లన్నీ దాటుకుని పోయి మార్కు ఆటోలో కూర్చుంటారు. పాటలు బాగున్నాయన్నారు, లక్ష్మయ్య స్పీకర్లు పీకించాడు. సీటు మెత్తగా ఉందన్నారు, స్పాంజి తీయించాడు. ఇప్పుడు కబుర్లు బాగుంటాయంటున్నారు. బండ్లన్నీ సమానం కావాలంటే ఇక మిగిలింది వాడి నోరే.

"మనమంతా ఒకటేరా. ఒకడు ఎక్కువ, ఇంకొకడు తక్కువ ఉండకూడదు. కాబట్టి నువ్వు మాట్లాడకూడదు."

ఈసారి అతుక్కుంది. లక్ష్మయ్య జేబులోంచి నల్ల స్కెచ్‌పెన్ను తీసి, తెల్లటి ప్లాస్టరు మీద రెండు అడ్డగీతలు గీశాడు. దూరం జరిగి చూసుకుని మురిసిపోయాడు. అచ్చం లెక్కల్లో ఈక్వల్ గుర్తు.

"ఇదీ సమానత్వమంటే! ఒరేయ్, అందరూ వినండి. ఇవాళ ఎవరి బండిలోనన్నా జనం వరస తప్పి ఎక్కారంటే ఆ బండి స్టాండు అవతలే. మళ్ళీ ఇటు రావడం ఉండదు."

ఎవరి బండి అన్నా, అందరూ చూసింది మార్కునే. మార్కు కళ్ళల్లో నవ్వు ఆగిపోయింది. ఆ స్టాండు పోతే గుడ్లవల్లేరు రూటు పోయినట్టే, ఇంట్లో పొయ్యి ఆరిపోయినట్టే.

అంతలో రిటైరైన టీచరు వేదవతి గారు సంచీ పట్టుకుని వచ్చారు. వరసలో మొదటి ఆటో రత్నానిది.

"రండి టీచర్ గారూ, ఎక్కండి," అన్నాడు రత్నం.

"మార్కేడయ్యా?"

లక్ష్మయ్య అడ్డొచ్చాడు. "వాడు మాట్లాడడండీ ఇవాళ. మూతి మూసేశాం."

"అస్సలు మాట్లాడడా? గుడ్లవల్లేరు దాకా?"

"ఒక్క ముక్క మాట్లాడడు."

"అబ్బ! ఇన్నేళ్ళూ బళ్ళో పిల్లల గోల, ఇప్పుడు ఇంట్లో మా వారి టీవీ గోల. నా చెవులకి కాస్త విశ్రాంతి దొరికింది," అంటూ ఆవిడ తిన్నగా వెళ్ళి మార్కు ఆటోలో కూర్చున్నారు.

ఆవిడ వెనకే ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఎగబడ్డారు.

"ఒరేయ్, ఏ బ్రాంచి, ఎన్ని బ్యాక్‌లాగులు అని అడగని డ్రైవరంట! ఎక్కండ్రా!"

లక్ష్మయ్య మొహం కందగడ్డయింది. "దిగండి, అందరూ దిగండి! మార్కూ, నీ బండి అవుట్. ఏమన్నా అంటావా?"

"మ్మ్... మ్మ్మ్..."

"ఏమీ అననంటున్నాడు."

వెనక నుంచి యేసుదాసు కలగజేసుకున్నాడు. "ఇదేం న్యాయం బావా? ప్లాస్టరు వేసింది నువ్వు. దాన్ని చూసి ఎక్కింది వాళ్ళు. మధ్యలో వాడేం చేశాడు?"

"అవును మరి!" అన్నారు నలుగురు.

లక్ష్మయ్య బుర్ర గోక్కున్నాడు. ఎదురు మాట అతనికి ఎప్పుడూ పడదు. కాసేపటికి మొహం వెలిగింది.

"సరే. ప్లాస్టరు ఉంటే జనం ఎక్కువైపోతున్నారు కదా, అయితే ప్లాస్టరు అందరికీ! మార్కుకి ఇదే ఆఖరి ఛాన్సు. ముందు నువ్వు రా యేసుదాసూ."

"మరి నీకో?"

"నాకెలా కుదురుద్దిరా? మనమంతా సమానమని చెప్పేవాడు ఒకడుండాలి కదా!"

ఆ మాటకి యేసుదాసు ఏదో అనబోయాడు. అప్పటికే మూతి మీద ప్లాస్టరు పడింది.

వేదవతి గారూ, కాలేజీ పిల్లలూ గొణుక్కుంటూ రత్నం ఆటోలోకి మారారు. అది వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళంతా మూతుల మీద ఈక్వల్ గుర్తులతో వరసగా నిలబడ్డారు. ప్రశ్న లేదు, వెక్కిరింత లేదు. యూనియన్ అంటే ఇలా ఉండాలి అనుకున్నాడు లక్ష్మయ్య. అతని కడుపు నిండిపోయింది.

బస్సొకటి వచ్చి ఆగింది. మూటలతో, మనవలతో వెంకాయమ్మ దిగింది. వరసలో మొదటి ఆటో దగ్గరికి వెళ్ళింది.

"గుడ్లవల్లేరు వెళ్ళుద్దా బాబూ?"

యేసుదాసు తలూపాడు. ఎందుకు ఊపాడో ఆవిడకి అర్థం కాలేదు. తరవాతి ఆటోనీ అడిగింది, ఆ తరవాతి ఆటోనీ అడిగింది.

"ఇదేం చోద్యమే! ఊళ్ళో మగాళ్ళందరికీ ఒక్కసారే పళ్ళు పీకారా?"

వరస చివర ఉన్న తన ఆటో పక్కనుంచి లక్ష్మయ్య గొంతు లేచింది. "ఇటు రా పిన్నీ! గుడ్లవల్లేరే, ఎక్కెక్కు!"

మాట్లాడే మనిషి దొరికాడని వెంకాయమ్మ పరిగెత్తింది. ఆవిణ్ణి చూసి బస్సు దిగిన మిగతా జనం కూడా ముందున్న ఆటోలన్నీ దాటుకుని వచ్చారు. లక్ష్మయ్య బండి కిక్కిరిసింది.

యేసుదాసు తన ఆటో వైపు వేలు చూపించాడు. తరవాత లక్ష్మయ్య ఆటో వైపు చూపించాడు. తరవాత రోడ్డు వైపు చూపించాడు.

"చేతులు ఊపితే కాదురా. అభ్యంతరం ఉంటే నోటితో చెప్పండి," అన్నాడు లక్ష్మయ్య.

ఎవరూ చెప్పలేదు. మార్కు కూడా చెప్పలేదు.

"లేదుగా? అందరూ ఒప్పుకున్నట్టే." లక్ష్మయ్య దర్జాగా కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు. వెనక్కి తిరిగి వెంకాయమ్మతో కబుర్లు మొదలెట్టాడు. ఏ ఊరు పిన్నీ, ఎవరింటికి పిన్నీ, మనవడు ఏం చదువుతున్నాడు పిన్నీ. మార్కు ఒక్కడికేనా కబుర్లు వచ్చేది?

"ఎన్నో ఆటోలు ఎక్కాను గానీ నాయనా," అంది వెంకాయమ్మ, "ఒక్క కుదుపు కూడా లేకుండా నడిపేవాణ్ణి నిన్నే చూశాను."

ఇంకా గేరే వెయ్యలేదు పిన్నీ అనబోయి, లక్ష్మయ్య తల బయటికి పెట్టి చూశాడు: స్టాండులో ఉన్న డ్రైవర్లందరూ, ఒక్కరూ కిక్కురుమనకుండా, జనంతో సహా అతని ఆటోని ఎత్తి స్టాండు అవతలికి మోసుకుపోతున్నారు.