ఏడు ఎండుమిరపకాయలు

"పీల్చండి," అంది లక్ష్మీదుర్గ. "మీ దగ్గు తగ్గాలని ఈ గాలి కోసం రెండు విమానాలు మారాం."

శివరామకృష్ణ పీల్చాడు. ఎదురుగా నాలుగు అంతస్తుల ఎత్తున ముళ్ళకంప గోడ. పైనుంచి ఉప్పునీళ్ళు వదులుతున్నారు. అవి కంపలోంచి జారుతుంటే చుట్టూ గాలి ఉప్పగా మారుతోంది. ఆ గాలి పీలిస్తే రొమ్ము శుభ్రపడుతుందని తాతల కాలం నుంచీ అక్కడివాళ్ళ నమ్మకం.

"ఇంత కంప మన దగ్గరుంటే చేనుకి దడి కడతాం," అంది లక్ష్మీదుర్గ.

ఊరి పేరు బాద్ డ్యూర్క్‌హైమ్. జర్మనీలో ద్రాక్షతోటల మధ్య ఉన్న పాత వైద్యస్నానాల ఊరు. అక్కడో పెద్ద చెక్కపీపా ఉంది. దాని కడుపులో హోటలే నడుస్తోంది. గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే శివరామకృష్ణ దాన్ని చూసి, ఇందులో ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పడతాయా అని ఆలోచించాడు. మొలతాడుకి కట్టుకున్న ఆయన మూడు గోడౌన్ల తాళాలూ గలగలమన్నాయి. వాటిని జర్మనీకి మోసుకొచ్చిన మనిషి, మందుల చీటీ మాత్రం గుంటూరు బ్రాడీపేటలోని ఇంట్లో మర్చిపోయి వచ్చాడు.

మొదటిరోజు ఆసుపత్రిలో డాక్టరు చాలా ప్రశ్నలు వేశాడు. పొన్నూరు నుంచి వచ్చి అక్కడ నర్సుగా చేస్తున్న షహనాజ్ వాటిని తెలుగులో చెప్పింది.

"సిగరెట్లు కాలుస్తారా అని అడుగుతున్నారండి."

"ఆ వాసనే పడదమ్మా ఆయనకి," అంది లక్ష్మీదుర్గ.

"పిండిమర, సిమెంటు, రంగుల ఫ్యాక్టరీ, అలాంటి చోట్ల ఏమైనా పనిచేశారా?"

"మాది మిరపకాయల వ్యాపారమమ్మా. ఈయన పుట్టిందీ పెరిగిందీ మిర్చి యార్డులోనే."

శివరామకృష్ణకి సరిగ్గా అప్పుడే దగ్గు తెర వచ్చింది. డాక్టరు 'మిరప దుమ్ము' అని రాసుకున్నాడు.

మూడు వారాలు తిరిగేసరికి ఆయన ద్రాక్షతోటల గుట్ట ఆగకుండా ఎక్కేశాడు. ఇంత త్వరగా కోలుకున్నవాళ్ళని తను చూడలేదని డాక్టరు మెచ్చుకున్నాడు. వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. మళ్ళీ ఆ దుమ్ములోకి వెళితే ఈసారి ఇక్కడిదాకా రావడానికి ఊపిరి మిగలదట.

లక్ష్మీదుర్గ ఆ మాట మీదే నిలబడింది. "వ్యాపారం మీ తమ్ముడు యలమందకి అప్పజెప్పండి. తాళాలు ఇచ్చేయండి. నాకు మీరు కావాలి, మిరపకాయలు కాదు."

శివరామకృష్ణ తాళాలు గుప్పిట పట్టుకున్నాడు. "దుమ్ము కాదే దుర్గా. యార్డులో హమాలీలు నాకంటే ఎక్కువ దుమ్ము తింటారు. వాళ్ళకి లేని దగ్గు నాకెందుకు? జనం ఏడుపు. నా మీద ఊరందరి కళ్ళూ."

"దిష్టంటారా?"

"దిష్టే."

"అయితే తేల్చుకుందాం. ఏడు మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తాను. ఘాటు వచ్చిందా, దిష్టి లేదు, అది దుమ్మే. తాళాలు యలమందకి. ఘాటు రాలేదా, దిష్టే. మీ వ్యాపారం మీరు చేసుకోండి."

ఆయన నాలుక కరుచుకున్నాడు. అంతలో ఒకటి గుర్తొచ్చింది. బయలుదేరేముందు ఆవిడ కట్టిన మిరపకాయల పొట్లాన్ని, విమానంలో రానివ్వరని తనే తీయించేశాడు. అదే ఇప్పుడు అక్కరకొచ్చింది. "ఈ ఊళ్ళో ఎండుమిరపకాయలు ఎవడమ్ముతాడు, పోనీయ్," అన్నాడు హుషారుగా.

అమ్ముతున్నారు. స్టేషను దగ్గర ఆసియా సరుకుల కొట్టు ఒకటి ఉందని షహనాజ్ చెప్పింది. శివరామకృష్ణ దారి పొడుగునా అడ్డుపడుతూనే ఉన్నాడు. అదంతా మూఢనమ్మకం అన్నాడు. మోకాళ్ళు నొప్పి అన్నాడు. చివరికి వాన వస్తుందన్నాడు.

కొట్లో అడుగుపెట్టగానే లక్ష్మీదుర్గ ఆగిపోయింది. అరలో ఎర్రటి మిరపకాయల పొట్లాలు. ప్రతి పొట్లం మీదా తన అత్తగారు పున్నమ్మ ఫొటో. 'పున్నమ్మ బ్రాండ్, అసలైన గుంటూరు మిర్చి'.

"మన సరుకేనండీ," అంది, ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొట్లాన్ని కళ్ళకద్దుకుంది. "అత్తయ్య ఇక్కడిదాకా వచ్చింది చూడండి."

శివరామకృష్ణ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన మెత్తబడిపోయాడు. "సరే, నీ ఇష్టప్రకారమే కానీ. అమ్మ మీద ఒట్టు, ఏది తేలితే దానికి కట్టుబడతాను," అన్నాడు.

ఆదివారం సాయంత్రం, అద్దె ఇంటి పెరట్లో, మాంసం కాల్చుకునే పొయ్యిలో బొగ్గులు రాజేశారు. ఆవిడ ఆయన్ని తూర్పు ముఖంగా కూర్చోబెట్టింది. ఏడు కాయలూ గుప్పిట్లో పట్టి మూడుసార్లు తిప్పింది. ఆయన చేత మూడుసార్లు ఉమ్మించింది. చెమటకి ఆవిడ అరచెయ్యి ఎర్రగా అయింది.

"చూశారా మన కాయ రంగు," అని మురిసిపోయి, కాయల్ని నిప్పుల్లో వేసింది.

ఇద్దరూ పొయ్యి మీదికి వంగారు.

కాయలు చిటపటలాడాయి. నల్లబడ్డాయి. పొగ నేరుగా వాళ్ళ ముఖాల మీదికే వచ్చింది. ఆవిడ దగ్గలేదు. ఆయన దగ్గలేదు. పై అంతస్తు బాల్కనీలో ఉన్న జర్మనీ ముసలమ్మ కూడా తుమ్మలేదు. వైన్ గ్లాసు ఎత్తి నవ్వుతూ వీళ్ళని పలకరించింది.

లక్ష్మీదుర్గ నేల మీదే కూలబడి ఏడ్చేసింది. ఆవిడ మూడు వారాలుగా దాచుకున్న ఏడుపు అది. "ఒక్క కాయైనా ఘాటు రాలేదండీ. ఎంత దిష్టి పెట్టుకున్నారు మనుషులు. అనవసరంగా మిర్చిని అనుమానించాను. వెళ్ళగానే మీ కొట్లో మీరు కూర్చోండి. నేనింక మాట్లాడను."

శివరామకృష్ణ ఆవిడ తల నిమిరాడు. మొలతాడు తడుముకున్నాడు. తాళాలు మూడూ భద్రంగా ఉన్నాయి.

మూడో గోడౌన్లో తలుపులు వేసుకుని, ఘాటు చచ్చిన తెల్ల తాలుకాయలకి ఎర్రరంగు పొడి పట్టించి పున్నమ్మ పొట్లాల్లోకి ఎత్తిస్తున్నదీ, పన్నెండేళ్ళుగా ఆ పొడి పీలుస్తున్నదీ ఆయనే.