మంగతాయారు చేసిన ఇంధనం

లాంచీలన్నీ వరిగడ్డి ఇంధనంతోనే నడిచే కాలమది. విశ్వవిద్యాలయంలో గడ్డిని పులియబెట్టి ఇంధనం తీసే కేంద్రంలో శిక్షణ పొందినవాళ్లు, చివర్న తాము తయారుచేసిన ఇంధనంతో లాంచీలో గోదావరి దాటి చూపించాలి. అప్పుడే ఉద్యోగం.

మంగతాయారు వంతు రాగానే అత్త సూరమ్మ కూడా లాంచీ ఎక్కి కూర్చుంది.

"మీరు దిగిపోండత్తయ్యా, నడి ఏట్లో ఆగిపోతే?"

"ఆగితే ఈదుకుంటా పోదారి. నువ్వు చేసింది ఆగదులే, పోనియ్యమను!"

నడి ఏట్లో ఇంజను ఒక్కసారి దగ్గింది. మంగతాయారు చటుక్కున లేచి నిలబడింది. అంతలోనే ఇంజను పుంజుకుని, లాంచీని అవతలి రేవుకు చేర్చింది.

"రేపే వచ్చి చేరండమ్మా," అన్నారు ఆ రేవులో ఎదురుచూస్తున్న పరీక్షాధికారి.

సూరమ్మ మాత్రం లాంచీ దిగలేదు. తిరుగు ప్రయాణానికి ఎక్కుతున్న ప్రతి ఒక్కరికీ చెప్పసాగింది: "నిబ్బరంగా కూకోండి, ఇది మా కోడలు తీసిన నూనె!"

ఎప్పుడూ నలుగురిలో సిగ్గుపడే మంగతాయారు, ఈసారి తల దించుకోకుండా విన్నది.