ఎడంచేతి ముడి

ఎండలో నిలబడ్డ ముసలాయన్ని పేరమ్మ గడప దాటనివ్వలేదు.

తెల్లటి ఒళ్ళు, పిల్లికళ్ళు, చంకలో గుడ్డసంచి.

"మార్కండేయులు గారి అమ్మాయి మీరేనా అండి? మా నాన్న పోతూ ఇది మీకివ్వమన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ చీరాల పేటలన్నీ వెతుకుతున్నాను."

సంచిలోంచి పొట్లం తీశాడు. అందులోంచి పట్టుగుడ్డ అంచు కనిపించింది. దాని మీద సూదితో కుట్టిన ఎర్ర గులాబీలు.

పేరమ్మ ఒళ్ళు మండిపోయింది.

ఆమె ఉయ్యాల్లో ఉండగా తండ్రి తెల్లదొరల పటాలంలో చేరి ఇటలీ యుద్ధానికి వెళ్ళాడు. అక్కడినుంచి ఇంటికి పంపిన రుమాలు మీదా ఇవే గులాబీలు. ఆ వెనకే ఆయన పోయాడని తంతి వచ్చింది. తల్లి నమ్మలేదు. మగ్గం నేసే మగాడు సూది పట్టి పూలు కుడతాడా? ఎవతో దొరసాని కుట్టింది, దాన్ని కట్టుకుని అక్కడే ఉండిపోయి, చచ్చానని రాయించాడు అంది. బతికినన్నాళ్ళూ బొట్టు తీయలేదు, తిట్టడమూ మానలేదు.

ఏ బట్టనైనా తిరగేసి మంచిచెడ్డలు చూసే నేతగాళ్ళ ఇల్లు అది. ఆ రుమాలును మాత్రం ఎవరూ తిరగేయలేదు. పెట్టె అడుగున పడేశారు.

ఆ దొరసాని కొడుకే వీడు, అనుకుంది పేరమ్మ.

"ఎవరి నాన్నయ్యా? ఎనభై నాలుగేళ్ళు తండ్రి లేకుండా బతికినదాన్ని. ఇప్పుడు ఇంట్లో వాటాకొచ్చావా?"

ఆయన ఏదో చెప్పబోయాడు. చెప్పనివ్వలేదు. పేటంతా వినబడేలా తిట్టింది. మనవరాలు అనూష మంచినీళ్ళు తెస్తే, చెంబు లాక్కుని అరుగు మీద కుమ్మరించింది.

ఆయన పొట్లం గడప పక్కన పెట్టి, దణ్ణం పెట్టి, ఆటో ఎక్కాడు.

"పొయ్యిలో పడెయ్యవే దాన్ని."

అనూష పడెయ్యలేదు. విప్పింది. గులాబీల మధ్య 'పేరమ్మ' అని కుట్టి ఉంది. వెనక్కి తిప్పింది.

"నానమ్మా, ఈ ముడులు నువ్వేసినట్టే ఉన్నాయే."

పేరమ్మ లాక్కుని చూసింది. తెగిన పోగుకు మగ్గం మీద వేసే ముడి, అదీ ఎడంచేతిది. అయ్య పోలికే వచ్చిందని చిన్నప్పుడు తల్లి తన నెత్తిన మొట్టేది ఈ ముడి చూసే.

పెట్టెలోంచి పాత రుమాలు తీసి తిరగేసింది. అన్నీ అవే ముడులు.

కొత్త గుడ్డలో మాత్రం అవి 'పేర' దగ్గర ఆగిపోయాయి. చివరి అక్షరం వంకరటింకర కుట్టు. దాని వెనక చిందరవందర దారాలు.

మడతలో పాత కాగితం ఉంది. అనూష చదివింది.

"ఆస్పత్రిలో మార్కండేయులు గారివీ నావీ పక్కపక్క మంచాలు. దెబ్బ తగిలిన సిపాయిలకు కాలక్షేపానికి సూదీ దారం ఇచ్చేవారు. బిడ్డ పేరు రెండక్షరాలు కుట్టి ఆయన పోయారు. మిగిలింది నాకు చేతనైనట్టు కుట్టాను."

పేరమ్మ గోడ పట్టుకుని వీధిలోకి వచ్చింది. ఆటో లేదు.

తన పేరు పూర్తిచేసినవాడి కొడుకుని, పేరైనా అడక్కుండా, గుక్కెడు నీళ్ళు తాగనివ్వకుండా తరిమేసింది.