సూర్యుడా, కొడుకా?

"ఈ అమ్మాయికి ముందే చెప్పేశారు కదూ మాస్టారూ?" ప్రిన్సిపాల్ డిక్టేషన్ కాగితాన్ని బల్ల మీద పడేశారు. "ఒప్పుకుంటే రాజీనామాతో వదిలేస్తాను."

ఇంగ్లీషు మాస్టారు కాగితం అందుకుని చూశారు. అవేమైనా మామూలు మాటలా? పలికితే ఒకటే, రాస్తే రెండు. సన్ అంటే సూర్యుడు, సన్ అంటే కొడుకు. సీ అంటే సముద్రం, సీ అంటే చూడటం. పైగా వాక్యంలో పెట్టి చెప్పకూడదు, ఉత్త మాటే చెప్పాలని ప్రిన్సిపాల్ గారి సొంత రూలొకటి. తలలు వంచుకుని రాసిన క్లాసంతా బోల్తా కొట్టింది. ఈ అమ్మాయి ఒక్కతే అన్నీ సరిగ్గా రాసేసింది.

"చెప్పలేదు సార్. ఎలా రాసిందో నాకూ అంతుపట్టడం లేదు."

"ఇప్పుడే తేలుస్తాను."

అమ్మాయిని పిలిపించారు. ప్రిన్సిపాల్ కాగితంలో మొహం దూర్చి గడగడా చదివారు. అమ్మాయి పెన్ను కదిలితే ఒట్టు. ఒక్క ముక్కా రాయలేదు.

"చూశారా?" అన్నారు ప్రిన్సిపాల్.

"మాస్టార్ని చెప్పమనండి సార్," అంది అమ్మాయి మెల్లగా.

మాస్టారు ఎదురుగా నిలబడి కొత్త మాటలు చెప్పారు. అమ్మాయి ఆయన మొహం మీంచి చూపు తిప్పకుండా రాసింది. అన్నీ కరెక్టే. ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎలాగమ్మా?"

"సూర్యుడైతే మాస్టారు కిటికీలోంచి పైకి చూస్తారండి. కొడుకైతే, ఇంత పిల్లాడని చెయ్యి కిందికి పెడతారు. సముద్రమైతే చెయ్యి అలలా ఊపుతారు. ఆయనకే తెలీదనుకుంటా."

మాస్టారు తన చేతుల్ని తనే వింతగా చూసుకున్నారు. ప్రిన్సిపాల్ పకపకా నవ్వారు. "మీ ఉద్యోగానికి ఢోకా లేదు. రేపట్నుంచి చేతులు జేబుల్లో పెట్టుకుని చెప్పండి. నువ్వెళ్లమ్మా."

అమ్మాయి నమస్కారం పెట్టి బయటికి నడిచింది.

"అమ్మాయీ, ఆ తలుపు వేసి వెళ్లు," అన్నారు ప్రిన్సిపాల్. ఆమె ఆగలేదు. గొంతు పెంచి మళ్లీ పిలిచారు. వరండా చివర అటెండర్ తిరిగి చూశాడు గానీ, ఆమె తిరగలేదు.

"ఎంత పొగరండీ. మీ క్లాసులోనూ ఇంతేనా?"

మాస్టారు తనే వెళ్లి తలుపు వేసి వచ్చారు.

"నా క్లాసులో అందరికంటే శ్రద్ధగా కూర్చునేది ఆ పిల్లే సార్. పాపం, ఇన్నాళ్లూ ఒక్క మాటా దాని చెవిన పడలేదు."