మల్లెమొగ్గ ఉన్న చోట

సుమర్ని వచ్చేసరికి వార్సితో అనే ఆమె బావగారు టేకు తలుపును గరుకు కాగితపు బెల్టు మిషనుతో నునుపు చేస్తున్నాడు. చనిపోయిన ఆమె భర్త చెక్కిన చివరి తలుపది. రేపది జెపారా ఊళ్లో జరిగే చెక్కడాల పోటీకి వెళ్తుంది.

ఆమె కిందిమూల తడిమింది. భర్త తన గుర్తుగా చెక్కే మల్లెమొగ్గ లేదు. వేలు పల్లంలోకి జారింది.

"మరక పోతుందని గరుకు బెల్టు వేశానమ్మా. చెయ్యి ఆగిపోయింది."

"మీ చెయ్యా?"

"ఏం, నేను పొరబడనా?"

"మిషను తిరుగుతుంటే ఒక్కచోట ఆపకూడదని మా ఇద్దరికీ నేర్పింది మీరే. పోటీకి ఎవరి పేరిచ్చారు బావగారూ?"

అతను తల దించుకున్నాడు. "సన్న బెల్టు వేసి పల్లం కనపడకుండా చేస్తాలే."

సుమర్ని ప్లగ్గు పీకేసింది.

"ఉండనివ్వండి. ఇక్కడేముండేదని అడిగినవాళ్లకి మీరే చెప్పండి."